ముత్యం పళ్ళకు పెట్టిన మిల్లు మందు

ప్లేగు వచ్చి పోయాక సూరత్‌ను రెండేళ్ళ పాటు కడిగారు. మోరీలు కడిగారు, సందులు కడిగారు, రింగురోడ్డు మార్కెట్ల మెట్ల మీద ఏళ్ళ తరబడి పేరుకున్న ఉమ్ముల మరకలు గీకి సున్నం కొట్టారు. ఇంత కడిగినా ఒక్క చోటు మాత్రం మిగిలిపోయింది. అది లింబాయత్‌లో ఉండే ముత్యం నోరు.

ముత్యం ఇరవై రెండేళ్ళుగా పరేశ్‌భాయి కార్ఖానాలో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడుపుతున్నాడు. పదహారో ఏట కరీంనగర్ జిల్లా ఎర్రగుంటపల్లె నుంచి రైలెక్కి వచ్చినవాడు. పనిలో వంక పెట్టడానికి లేదు. గుడ్డ అంచును రెండు వేళ్ళ మధ్య ఒక్కసారి నలిపాడంటే అందులో పోగులెంత దగ్గరగా పడ్డాయో, ఏ రంగు నిలుస్తుందో ఏది కారుతుందో చెప్పేసేవాడు. కాకపోతే నాలుగు వీధులకు వినబడేలా చెప్పేవాడు. ఇరవై రెండేళ్ళు సాంచెల మోతలో నిలబడితే చెవులు సగం పోతాయి, గొంతు రెట్టింపవుతుంది. భార్య భూదేవి ఉప్పు తెమ్మని చెవిలో చెబితే, "ఉప్పా?" అని అతను అడిగేసరికి ఎదురింటివాళ్ళు ఉప్పు పట్టుకొచ్చేవారు.

ఇక పళ్ళు. తల్లి కనకవ్వ అతనికి ముత్యం అని పేరు పెట్టిన నాటికి ఇంకా పళ్ళు రాలేదు గనుక ఆమెను తప్పు పట్టడానికి వీల్లేదు. వచ్చాక మాత్రం ఆ పేరు పిలిచిన ప్రతివాడూ ఒకసారి నోటి వంక చూసేవాడు. పసుపూ ఎరుపూ గోధుమరంగూ కలిసి ఒక్కో పన్ను ఒక్కో చీర అంచులా ఉండేది. కనకవ్వ పళ్ళు అరవై ఐదేళ్ళకూ తెల్లగా, వరసగా ఉన్నాయి. ఆ పళ్ళే ఆమెకు ఆస్తి. పొద్దున్నే వాకిట్లో కూచుని వేపపుల్ల నముల్తూ కొడుకు తలుపు దాటకముందే మొదలుపెట్టేది.

"సూడు, నా పండ్లు సూడు. నువ్వూ నా కడుపుల పుట్టినోనివే గదరా. చిన్నప్పుడు యాపపుల్ల ఇస్తే గోడమీదికెల్లి ఇసిరేస్తివి. నాలుగు తగిలిచ్చినా బుద్ధి రాకపాయె."

నాలుగు కాదు, అతని లెక్కలో నాలుగు వందలు తగిలించింది. పళ్ళు తోముకున్నానని ఆ పిల్లవాడు ఎంత మొత్తుకున్నా, ఆ గార చూసి నమ్మేవారెవరు? చివరికి అతనికే తన మీద నమ్మకం పోయింది. ఎట్లా తోమినా ఇంతే కదా అని సూరత్ వచ్చిన కొత్తలోనే మావా మరిగాడు. వక్కముక్కలూ పొగాకూ సున్నమూ ప్లాస్టిక్ కాగితంలో వేసి అరచేతిలో రుద్దుకుని బుగ్గన పెట్టుకునే దిక్కుమాలిన తిండి అది. దానితో పళ్ళ మీద ఎరుపు కూడా ఎక్కింది.

ఆ ఎరుపు పళ్ళతో ఆగి ఉంటే ఈ కథే లేదు. సాంచె మీద నేసేవాడు అటూ ఇటూ పరుగెత్తే నాడెలో దారపు కండె మార్చినప్పుడల్లా దారం కొసను నాడె పక్కనున్న సన్నని కంతలోంచి బయటికి లాగాలి. చేత్తో లాగాలంటే ఆలస్యం. అందుకని నోరు కంతకు ఆనించి ఒక్క పీల్పు పీలుస్తారు, కొస వచ్చి నాలుక మీద పడుతుంది. రోజుకు కొన్ని వందల పీల్పులు. బుగ్గలో మావా, పెదాల మీద దారం! మచ్చ లేకుండా రావలసిన తానులో బెత్తెడు బెత్తెడు దూరాన ఒక ఎర్రచుక్క పడేది. గుడ్డ మడతలు పెట్టే గుజరాతీ ముసలాయన ఆ చుక్క చూసి, "ఇది ముత్యంభాయి సంతకం" అని పక్కన పడేసేవాడు.

అలాంటివాడికి ఒక అదృష్టం తలుపు తట్టింది. పరేశ్‌భాయి రింగురోడ్డు మార్కెట్‌లో చీరల దుకాణం తెరవబోతున్నాడు. కరీంనగర్, జగిత్యాల, వరంగల్ నుంచి వచ్చే వ్యాపారులతో వాళ్ళ భాషలో మాట్లాడే మనిషి కావాలి. గుడ్డ తెలిసినవాడు, తెలుగువాడు, నమ్మకస్తుడు. మూడూ ముత్యమే. సేటు ఆఫీసు గదిలోకి పిలిచి హిందీలో ఆ మాటే చెప్పాడు. చెబుతూ చెబుతూ అతని నోరు చూశాడు.

"కానీ ముత్యంభాయి, దుకాణంలో తెల్ల గాదీ వేస్తాను. దాని మీద కూచుని నువ్వు నవ్వావంటే వచ్చినవాడు చెప్పులు కూడా మరిచి పారిపోతాడు. దసరాకు ముహూర్తం. అప్పటికి పళ్ళు తెల్లబడితే గాదీ నీది. లేదంటే ఇంకొకణ్ణి చూసుకుంటా."

గాదీ అంటే గోడ దాకా పరిచిన మెత్తటి పరుపు, దాని మీద ఉతికిన తెల్ల దుప్పటి. ఇరవై రెండేళ్ళుగా పన్నెండేసి గంటలు నిలబడిన కాళ్ళకు ఆ మాట వినగానే మోకాళ్ళ దగ్గర తీపి పుట్టింది. ముత్యం ఇంటికొచ్చి భూదేవికి రహస్యంగా చెప్పాడు. వీధంతా విన్నది.

విన్నవాళ్ళంతా వైద్యులయ్యారు. ఒకరు ఉప్పూ నిమ్మకాయా అన్నారు, ఒకరు పొయ్యిలో బొగ్గు అన్నారు, ఇంకొకరు ఇటుకపొడి అన్నారు. ముత్యం ఎవరి మాటా తీసెయ్యకుండా మూడూ కలిపి పది రోజులు రుద్దాడు. మరక ఉన్నచోటే ఉంది, చన్నీళ్ళు తాగితే మాత్రం పళ్ళు జివ్వుమని నెత్తిదాకా లాగసాగాయి.

"ఇటుకపొడి అంట్ల గిన్నెలకు పెడ్తరు, నోటికి గాదు," అంది భూదేవి.

"గిన్నెలు తెల్లగైతలేవా?"

"గిన్నెలు సన్నీళ్ళు తాగవు."

తరువాత స్టేషను బయట గొడుగు కింద కూచుని పళ్ళు బాగుచేసేవాడి దగ్గరికి పోయాడు. వాడి ముందు ఒక చిన్న సీసా, కొంచెం దూది. ఊరికే చూపిస్తానని ముత్యం పైపళ్ళలో ఒకదాని మీద ఆ నీళ్ళు రుద్దాడు. పుల్లగా, మంటగా, నాలుక ముడుచుకుపోయింది. కానీ పన్ను మాత్రం తళతళలాడింది! మిగతావి రేపు చేయించుకుంటానని ముత్యం ఇంటికొచ్చి రెండు రోజులు ఆ ఒక్క పన్నూ చూపిస్తూ తిరిగాడు. మూడోనాటికి దాని నునుపు పోయి సుద్దముక్కలా గరుకు తేలింది. నాలుగోనాడు టీ తాగితే టీ రంగు, కూర తింటే కూర రంగు ఎక్కింది. ముందున్న మరకైనా నయం, అది ఒక్క రంగు మీద నిలకడగా ఉండేది.

దసరాకు ఇంకా నెల రోజులుంది. ఆ ఆదివారం భూదేవి తమ్ముడు పరుశురాం కడోదరా నుంచి అక్కను చూడటానికి వచ్చాడు. అక్కడ బట్టలు తెల్లచేసి రంగులేసే మిల్లులో పని అతనిది. రాగానే బావ దుఃఖం విన్నాడు.

"బావా, నీకు దిమాక్ లేదు," అన్నాడు. "సాంచె మీదికెల్లి దిగిన కోరా గుడ్డ ఎట్లుంటది? నీ పండ్ల తీర్గనే ఉంటది. మేం దాన్ని ఏం జేస్తం? మందుల ముంచుతం. కొంగ తీర్గ తెల్లగైతది. గుడ్డకు పనిజేసింది పండ్లకు పనిజెయ్యదా?"

ముత్యానికి మొదటిసారి తనకు తెలిసిన భాషలో వైద్యం చెప్పినట్టయింది. నిమ్మకాయా ఇటుకపొడీ వంటింటి సంగతి, ఇది పని సంగతి. కోరాగుడ్డ ఎంత మొండిదో అతనికి తెలుసు. అది మందులో మునిగి కొంగలా తేలడం కళ్ళతో చూశాడు.

"కాలదారా?"

"గుడ్డ కాలుతదా?"

ఈ ప్రశ్నకు ఎదురు ప్రశ్న వేయడానికి ముత్యానికి తోచలేదు. కనకవ్వకు తోచింది. "గుడ్డకు నాలుకుంటదారా?" అంది వాకిట్లోంచి. ఎవరూ వినిపించుకోలేదు.

మరుసటి ఆదివారం పరుశురాం మూత బిగించిన సీసా తెచ్చాడు. ముత్యం తొందరపడలేదు. నేతపనివాడి జాగ్రత్త నేతపనివాడిది. ముందు ఒక కోరాగుడ్డ పేలిక కోసి అందులో ముంచి ఎండలో పెట్టాడు. పేలిక తెల్లబడింది, చిరగలేదు, చిల్లు పడలేదు. లాగి చూశాడు, గట్టిగానే ఉంది. ఇంక అనుమానమేముంది? నూలు ఉండచుట్టి మందులో తడిపి పైపళ్ళ మీద ఒక వరస, కింది పళ్ళ మీద ఒక వరస పెట్టి, పెదాలు మూసి, గోడకానుకుని కూచున్నాడు. గుడ్డ నానినంతసేపు నానాలని పరుశురాం గడియారం పట్టుకుని పక్కన కూచున్నాడు.

మొదట నురగ వచ్చింది. "పనిజేస్తాంది," అన్నాడు పరుశురాం. తరువాత ముత్యం కళ్ళలో నీళ్ళు వచ్చాయి. "బగ్గ పనిజేస్తాంది," అన్నాడు. ఆ తరువాత ముత్యం లేచి తొట్టి దగ్గరికి పరుగెత్తి మూతి మొత్తం నీళ్ళలో పెట్టాడు.

తల ఎత్తేసరికి భూదేవి కెవ్వుమంది. చిగుళ్ళు సున్నం కొట్టినట్టు తెల్లగా పాలిపోయాయి. పెదాల లోపలి పొర తెల్లబడింది. నాలుక కొస తెల్లబడింది. మీసం కింది వరస కూడా ఎర్రబారింది. నోట్లో తెల్లబడనివి పళ్ళొక్కటే.

సాయంత్రానికి పెదాలు వాచి ముందుకొచ్చాయి. తెల్లారి కార్ఖానాకు పోతే అసలు సంగతి అప్పుడు తెలిసింది. నాడెకు నోరు ఆనించలేడు. పెదాలు మూసుకోవు, పీల్పు రాదు, దారం రాదు. చుట్టూ సాంచెలు దడదడలాడుతుంటే అతని సాంచెలు మాత్రం బిక్కమొహం వేసి ఆగిపోయాయి. సూపర్‌వైజరు చూసి, నోరు బాగయ్యేదాకా ఇంట్లో ఉండమన్నాడు. గాదీ కోసం పోయి సాంచె కూడా పోగొట్టుకున్నాడన్నమాట. ఆ రోజు ముత్యం ఇంటికి నడిచి వచ్చేటప్పుడు మాత్రం అతన్ని చూసి నవ్వడానికి ఎవరికీ మనసు రాలేదు. పరుశురాం అప్పటికే కడోదరా బస్సెక్కేశాడు.

భూదేవి మొగుణ్ణి రెక్క పట్టుకుని ఉధనా రోడ్డులో పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది. వద్దన్నా కనకవ్వ వెంట నడిచింది. డాక్టరమ్మ నోరు తెరవమని దీపం వేసి చూసి, ఏం పెట్టావని అడిగింది. ముత్యం వాచిన మూతితో భార్య వైపు వేలు చూపాడు. భూదేవి చెప్పింది, పేలిక సంగతితో సహా. డాక్టరమ్మ దీపం ఆపి కాసేపు గోడ వైపు తిరిగి నిలబడింది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

తిరిగి వచ్చి హిందీలో నెమ్మదిగా చెప్పింది. "మీ బావమరిది అబద్ధం చెప్పలేదు. పళ్ళు తెల్లచేసేదీ ఆ జాతి మందే. కానీ మందెంత, నీళ్ళెంత, ఎంతసేపు అని లెక్క ఉంటుంది. ముందు చిగుళ్ళను కప్పాలి. నేను చదివిన చదువంతా ఆ కప్పడమే. మీరు గుడ్డ మీద పరీక్ష చేశారు. గుడ్డకు చిగుళ్ళుండవు."

"గదే నేను నాలుకన్న," అంది కనకవ్వ తెలుగులో, గర్వంగా.

రెండు వారాలు ఉప్పునీళ్ళ పుక్కిళ్ళు, మెత్తటి అన్నం, చల్లటి మజ్జిగ. కారం లేదు. మావా మాట ఎత్తితే చిగుళ్ళే ఒప్పుకోలేదు. పొగాకు తగిలితే నిప్పు పెట్టినట్టుండేది. ఇరవై ఏళ్ళలో భార్యా తల్లీ మాన్పించలేని అలవాటును పుండు పదిహేను రోజుల్లో మాన్పించింది. నోరు ఆరాక డాక్టరమ్మ పనిముట్లు తీసి పళ్ళ మీది గార గీకింది. ఇటుకపొడికి కదలనిది పళ్ళెంలో ఎర్రగా, నల్లగా రాలింది. ముత్యం అద్దంలో చూసుకుని సంతోషం పట్టలేక నోరు వెడల్పుగా తెరిచాడు. తెరిచినవాడు అలాగే ఉండిపోయాడు.

ఎరుపు పోయింది. పసుపు పోయింది. వాటి అడుగున ఉన్న గోధుమరంగు చారలూ సుద్దమచ్చలూ పైపళ్ళ మీద అడ్డంగా, అంచు వేసినట్టు, అలాగే ఉన్నాయి.

"ఇవి?" అన్నాడు.

"చిన్నప్పుడు ఏ నీళ్ళు తాగావు?" అని అడిగింది డాక్టరమ్మ.

"మా ఊరి బాయి నీళ్ళు."

"ఊళ్ళో మిగతావాళ్ళ పళ్ళు ఎలా ఉంటాయి?"

ముత్యం ఆలోచించాడు. అతని ఈడువాళ్ళంతా నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకునేవారు. అది ఆ ఊరి మర్యాద అనుకునేవాడు.

"కొన్ని నీళ్ళలో ఒక ఖనిజం ఎక్కువుంటుంది. పసితనంలో, చిగుళ్ళ లోపల పళ్ళు తయారయ్యేటప్పుడు ఆ నీళ్ళు తాగితే చార లోపలే పడుతుంది. నేతలోనే వచ్చిన చార అనుకో. పైన ఎంత ఉతికినా పోదు. తెల్లచేసే మందు పెడితే కాస్త తగ్గుతుందేమో, పక్కనున్న సుద్దమచ్చలు ఇంకా కొట్టొచ్చినట్టు కనబడొచ్చు. తొడుగులు వేయొచ్చు, కానీ దానికి గట్టి పళ్ళను అరగదీయాలి. నేనైతే వద్దంటాను. పళ్ళు గట్టిగా ఉన్నాయి. నువ్వు తోముకోక వచ్చింది కాదిది."

అప్పుడు కనకవ్వ ముందుకొచ్చింది. "మరి నేను? గా ఊరి నీళ్ళే నేనూ తాగిన. నా పండ్లకేమైంది?" అని పళ్ళన్నీ బయటపెట్టింది. భూదేవి ఆ మాటను హిందీ చేసింది.

"అమ్మా, మీరు ఆ ఊరికి ఎప్పుడు వచ్చారు?"

"పెండ్లయినంక. పదిహేనేండ్లకు."

"అప్పటికి మీ పళ్ళు వచ్చేశాయి. మీ పుట్టింటి నీళ్ళు మంచివి. అంతే."

కనకవ్వ నోరు మూతపడింది. ఇన్నేళ్ళుగా వేపపుల్ల గొప్పతనమనుకున్నది కాస్తా పుట్టింటి బావి గొప్పతనమైపోయింది. ఉధనా రోడ్డు నుంచి లింబాయత్ దాకా ఆమె వెనకే నడిచింది. కొడుకు వీపు వంక రెండు మూడు సార్లు చూసింది. ఇంటి సందు మలుపులో ఆగి కోపంగా అంది, "నీళ్ళు గట్లున్నయని ఎవడన్న జెప్పద్దారా? ఉత్తగ కొట్టిపిస్తిరి నాతోని!" ఆ రాత్రి అతని పళ్ళెంలో రెండు చెంచాల నెయ్యి ఎక్కువ పడింది. అంతకు మించి ఆమె నుంచి ఎవరూ ఆశించకూడదు.

దసరా వచ్చింది. ముత్యం ఉతికిన చొక్కా వేసుకుని దుకాణానికి పోయి సేటు ముందు నోరు తెరిచాడు. పరేశ్‌భాయి తొంగిచూశాడు.

"ఎరుపు పోయింది. కానీ ఈ చారలు?"

"ఇవి పోవంట సేట్‌జీ. లోపలివి."

సేటు నిట్టూర్చి, గాదీ మీద అప్పటికే కూచున్న ఒక కుర్ర సేల్స్‌మన్ వైపు చూశాడు. వాడి పళ్ళు ట్యూబులైటులా ఉన్నాయి. "నువ్వు వెనక మడతలు పెట్టు ముత్యంభాయి. తరువాత చూద్దాం," అన్నాడు. ముత్యం బీరువాల వెనక నిలబడి చీరలు మడిచాడు. మళ్ళీ నిలబడటమే. గాదీ పది అడుగుల దూరంలో తెల్లగా మెరుస్తూ ఉంది.

పదకొండు గంటలకు జగిత్యాల వైపు నుంచి లక్ష్మీరాజం అనే చీరల వ్యాపారి వచ్చాడు. పెద్ద గిరాకీ. గాదీ అంచున సగం కూచుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ముక్కలు ముక్కలుగా హిందీ మాట్లాడాడు. సేల్స్‌మన్ పళ్ళన్నీ చూపిస్తూ చీర మీద చీర విప్పాడు. వాడు నవ్వేకొద్దీ లక్ష్మీరాజం వెనక్కి జరిగాడు. చివరికి ఒక ఆకుపచ్చ చీర పట్టుకుని అనుమానంగా అటూ ఇటూ తిప్పాడు. "పక్కా రంగు, పక్కా," అన్నాడు వాడు. లక్ష్మీరాజం సంచీ అందుకున్నాడు.

బీరువాల వెనక నుంచి సాంచెల మోతను దాటే గొంతు ఒకటి లేచింది. "అది తీస్కోకు అన్నా! ఒక్క ఉతుకుకు రంగు కారుతది! దాని పక్కది తీస్కో!"

దుకాణమంతా ఉలిక్కిపడింది. పరేశ్‌భాయికి భాష తెలియకపోయినా భావం తెలిసి ముఖం మాడ్చుకున్నాడు. ముత్యం నోరు తెరిచినవాడు తెరిచినట్టే బీరువా పక్కనుంచి బయటికొచ్చాడు. లక్ష్మీరాజం అతని మాట వినలేదు, పళ్ళ వంకే చూస్తున్నాడు. చూసి చూసి, నోటికి అడ్డం పెట్టుకున్న చెయ్యి మెల్లగా దించాడు. అవే చారలు. అదే అంచు.

"ఏ ఊరి నీళ్ళయ్యా నీయి?"

"ఎర్రగుంటపల్లె."

"మాది నీ ఊరవతలి వాగు దాటితెనే! నాకు చిన్నప్పుడు మా నాయిన బొగ్గు పెట్టి తోమిచ్చెటోడు."

"మా అవ్వ యాపపుల్లతోని కొట్టేది."

ఇద్దరూ చేతులు అడ్డం పెట్టుకోకుండా పగలబడి నవ్వారు. లక్ష్మీరాజం సంచీ కింద పెట్టి, చెప్పులు విడిచి, గాదీ మీద మఠం వేసుకుని కూచున్నాడు. పక్కన చోటు చేసి చేత్తో తట్టాడు. "రా, ఈడ కూసో. నువ్వే సూపియ్యి. ఏది కారుతదో ఏది కారదో నువ్వే జెప్పు."

ముత్యం సేటు వంక చూశాడు. సేటు లక్ష్మీరాజం వంక చూశాడు, మొదటిసారి విచ్చుకున్న అతని ముఖం చూశాడు. "బైఠో ముత్యంభాయి, బైఠో," అన్నాడు.

ముత్యం కూచున్నాడు. మోకాళ్ళు మడత పడ్డాయి. ఇరవై రెండేళ్ళ తరువాత పనివేళలో కూచున్న ఆ సుఖానికి ఒక్క క్షణం ఏ చీర విప్పాలో మరిచిపోయాడు. తరువాత ఆకుపచ్చ చీరను దూరంగా తోసి పని మొదలుపెట్టాడు.

అటుపైన కరీంనగర్ వైపు వ్యాపారులు ఆ దుకాణానికే వచ్చేవారు. చెయ్యి అడ్డం పెట్టుకుని లోపలికొచ్చినవాళ్ళు చెయ్యి దించి బయటికి పోయేవారు. పరేశ్‌భాయి బుద్ధిమంతుడు, మరో తెలుగువాణ్ణి పెట్టుకోవాల్సి వచ్చినప్పుడు వచ్చినవాణ్ణల్లా ముందు నోరు తెరవమనేవాడు. తెల్లపళ్ళవాళ్ళను తిప్పి పంపేశాడని కార్ఖానాలో చెప్పుకునేవారు. పరుశురాం బావ క్షేమం కనుక్కోవడానికి మూడు నెలల తరువాత వచ్చి, అంతా తన మందు మహిమేనన్నాడు. భూదేవి చీపురు వెతికింది.

కనకవ్వ మాత్రం ఏమీ మారలేదు. గాదీకి పోయే రోజుల్లో కూడా పొద్దున్నే వాకిట్లో కూచుని కొడుకు చేతిలో వేపపుల్ల పెట్టేది.

"డాక్టరమ్మ ఏం జెప్పిందే అవ్వా? తోముకోక వచ్చింది కాదని చెప్పలే?" అన్నాడు ముత్యం, వీధి చివరిదాకా వినబడేలా.

"గీత పోదన్నది. వాసన పోదన్నదా?" అంది కనకవ్వ. "తోము."

ముత్యం పక్కనే కూచుని తోమాడు.